ముందు చెయ్యి కొలవండి, తర్వాత పిస్టల్ కొనండి

సంపాదకుల వారికి,

నమస్కారం. షూటింగ్‌లో మనవాళ్ళకి పతకం వచ్చిన మర్నాటి నుంచీ రేంజిల దగ్గర ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "మావాడికి ఏ కంపెనీ పిస్టల్ కొనమంటారు సార్?" 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో రజతం తెచ్చినప్పుడూ ఇదే, 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచినప్పుడూ ఇదే. మొరీనీయా, స్టెయరా, వాల్తరా, పార్డీనీయా అని పేర్లు నోటికి వచ్చేస్తాయి. పట్టుకోబోయే చెయ్యి ఎంతుందో మాత్రం ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. లక్ష దాటి ఖర్చుపెట్టే తల్లిదండ్రులకి పనికొస్తుందని ఈ ఉత్తరం.

ఇక్కడ పిస్టల్ అంటే పది మీటర్ల పోటీలో వాడే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్. ఆరో తరగతి పిల్లాడైనా, నలభై దాటాక సరదాపడ్డ ఉద్యోగి అయినా మన దగ్గర మొదట చేతపట్టేది ఇదే.

పిల్లల యూనిఫాం రెండంగుళాలు వదులుగా కుట్టించడం మనకి అలవాటు. పెరిగే వయసు కదా, వచ్చే ఏడాదికీ వస్తుంది. ఇదే లెక్కతో పన్నెండేళ్ళ పిల్లకి మీడియం గ్రిప్ (పిడి) ఉన్న పిస్టల్ కొంటారు. చొక్కా వదులైతే చూడ్డానికి బాగోదు, అంతే. పిడి వదులైతే ఏమవుతుందో లెక్కవేసి చూడాలి.

టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే నడిమి వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఒక వలయం గీత నుంచి పక్క వలయం గీతకి 8 మిల్లీమీటర్ల దూరం. చెయ్యి ఊగి పిస్టల్ మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకి జరిగినప్పుడు పేల్చారనుకోండి. పెల్లెట్ (గుండు) కూడా 5 మిల్లీమీటర్లే పక్కన పడుతుంది, పది పాయింట్లకి ఢోకా లేదు. అదే, ముందు సైటు (గొట్టం కొసన గురి చూసుకునే పుల్ల) వెనక సైటు గాడిలో అర మిల్లీమీటరు ఒరిగిందనుకోండి. రెండు సైట్ల మధ్య దూరం 300 మిల్లీమీటర్లు, టార్గెట్ 10,000 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. అర మిల్లీమీటరు కాస్తా అక్కడికి చేరేసరికి దాదాపు 17 మిల్లీమీటర్లవుతుంది. పది రావలసిన చోట ఎనిమిది. కొత్తవాళ్ళు చెయ్యి ఊగుతోందని బెంగపడతారు. నిజానికి స్కోరుని ఎక్కువగా తినేది ఈ ఒరుగుడు. ఎత్తిన ప్రతిసారీ సైటు ఒకే పక్కకి ఒరుగుతుంటే అది చూపు లోపం అయ్యే అవకాశం తక్కువ. పిడి చేతికి కుదరలేదన్నమాట.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. కాగితం మీద చెయ్యి ఆనించి, వేళ్ళు కలిపి, చుట్టూ పెన్సిలుతో గీయండి. మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొన దాకా పొడవు, బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ళ మొదళ్ళ దగ్గర వెడల్పు, ఈ రెండూ మిల్లీమీటర్లలో రాసుకోండి. కంపెనీలు స్మాల్, మీడియం, లార్జ్ అని పట్టిక ఇస్తాయి. ఒకరి స్మాల్ ఇంకొకరి మీడియంకి దగ్గరగా ఉండొచ్చు, అందుకని కొనబోయే కంపెనీ పట్టికే చూడాలి. పొడవు ఒక సైజుకీ వెడల్పు ఇంకో సైజుకీ వస్తే చిన్నదే తీసుకోమంటాను. పెద్ద చెక్కని చెక్కి చిన్నది చేయడం కన్నా చిన్నదానికి పుట్టీ పెట్టి నింపడం తేలిక, తప్పు జరిగినా దిద్దుకోవచ్చు.

ఇక పట్టుకుని చూడటం. పిస్టల్ ఖాళీగా ఉందని ఇద్దరు చూసుకున్నాకే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న గూడు పిడి పైభాగంలోకి ఖాళీ లేకుండా, ఎంత పైకి పోతే అంత పైకి కూర్చోవాలి. చూపుడువేలి చివరి కణుపులో మెత్తటి కండ మధ్యభాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. ఆ వేలు పిడి చెక్కని ఎక్కడా రాసుకోకూడదు, పక్కన సన్నటి వెలుతురు కనపడాలి. పిడి పెద్దదైతే వేలి కొస మాత్రమే అందుతుంది. కొసతో లాగితే, కుడిచేతి వాళ్ళకి, గుండు సాధారణంగా ఎడమకి పోతుంది. ట్రిగ్గర్ మరీ దగ్గరై కణుపు ముడత దాకా వేలు దూరితే కుడికి లాగుతుంది. మంచి పిస్టళ్ళన్నిటిలో ట్రిగ్గర్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. వెనక్కి పూర్తిగా జరిపినా వేలు అందలేదంటే ఆ గ్రిప్ ఆ చేతిది కాదు.

దీని తర్వాత అసలు పరీక్ష. టార్గెట్‌కి గురిపెట్టి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, కళ్ళు తెరవండి. పిస్టల్ మొత్తం టార్గెట్‌కి ఎడమకో కుడికో తిరిగి ఉంటే అది పాదాల సంగతి. వెనక పాదం కాస్త జరిపితే సర్దుకుంటుంది. సైట్లు రెండూ ఒకదానితో ఒకటి కుదరకుండా ఒరిగి ఉంటేనే గ్రిప్ సంగతి. ఇలా పదిసార్లు చేయండి. ఏడెనిమిదిసార్లు ఒకే పక్కకి ఒరిగితే గ్రిప్ సర్దాల్సిందే. చాలా మోడళ్ళలో గ్రిప్ బిగించిన స్క్రూ వదులుచేసి దాని వాలు మార్చుకోవచ్చు, కొన్నిటిలో పక్కకి కూడా కాస్త తిప్పుకోవచ్చు. ముందు సైటు ఎప్పుడూ కిందికి వాలుతున్నా, పైకి లేస్తున్నా ఈ వాలు దగ్గరే మందు. దాన్ని వదిలేసి చాలామంది వెనక సైటుని జరిపే స్క్రూ క్లిక్కులు తిప్పుతూ కూర్చుంటారు. క్లిక్కులు గుండు పడే చోటుని మారుస్తాయి, మణికట్టు లాగే దిక్కుని మార్చవు. మొదటి పది గుళ్ళు బాగానే పడతాయి. చెయ్యి అలిసిన నలభయ్యో గుండుకి పాత జబ్బు బయటికి వస్తుంది.

అరచేతి అడుగున ఆనే చెక్క పలకని రేంజిలో పామ్ రెస్ట్ అంటాం. కొత్తవాళ్ళు దీన్ని పైకి నొక్కి, చెయ్యి బిగుసుకునేలా స్క్రూ తిప్పేస్తారు. గట్టిగా ఉంటే కదలదని నమ్మకం. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో గంటసేపు షూట్ చేస్తే చెయ్యి చెమర్చి కాస్త ఉబ్బుతుంది. అప్పటికి రక్తం ఆడక వేలు మొద్దుబారుతుంది, ట్రిగ్గర్ ఎక్కడ ఆగిందో తెలియదు. పలక అరచేతి అంచుకి తగిలీ తగలనట్టు ఆనితే చాలు.

చెక్క సర్దుబాటుకి వడ్రంగి దగ్గరికి పరుగెత్తక్కర్లేదు. పిడికి సుద్దపొడి పల్చగా రాసి, గురిపెట్టినట్టు పట్టుకుని వదిలితే పొడి చెరిగిన చోటు చెయ్యి తగిలే చోటు, చెరగని చోటు ఖాళీ. ఖాళీ చోటే పుట్టీ పెట్టాలి. ఎం-సీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ రెండు ముద్దలూ ఒకే రంగు అయ్యేదాకా పిసికి, రెండు మూడు మిల్లీమీటర్ల మందం మించకుండా అద్ది, చేతికి పల్చటి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని గురిపెట్టే పట్టుతో ఓ నిమిషం పట్టుకోండి. రాత్రంతా ఆరనిచ్చి ఉప్పు కాగితంతో నున్నగా రుద్దండి. ఒకసారికి ఒక్క చోటే. నాలుగైదు రోజులు దాంతో షూట్ చేశాక రెండో చోటు చూడాలి. ఒకే రోజు మూడు చోట్ల నింపితే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో కనిపెట్టలేరు. నిబంధనలు కూడా గుర్తుండాలి: అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య రూలు ప్రకారం పామ్ రెస్ట్‌కీ పిడికీ మధ్య కోణం 90 డిగ్రీలకి తగ్గకూడదు, పలక అంచు పైకి వంపు తిరిగి చేతిని చుట్టకూడదు, మణికట్టుకి ఏ ఆసరా ఉండకూడదు. పుట్టీ పనిలో ఉత్సాహం ఎక్కువైన గ్రిప్‌లు పోటీ రోజున పరికరాల తనిఖీ బల్ల దగ్గరే ఆగిపోతాయి.

బరువు సంగతి. నిబంధన పైహద్దు 1500 గ్రాములు. మామూలు పోటీ పిస్టళ్ళు కిలోకి అటూ ఇటూ ఉంటాయి. 2018 నుంచి అమ్మాయిలకీ నలభై బదులు అరవై గుళ్ళ పోటీయే, 75 నిమిషాల్లో. సైటింగ్ షాట్లు (స్కోరులోకి రాని ముందస్తు గుళ్ళు), ఎత్తి పేల్చకుండా దించినవి కలిపితే వంద ఎత్తుళ్ళు. 950 గ్రాముల చొప్పున 95 కిలోలు. ధాన్యం బస్తా 75 కిలోలే! ఆ బరువుని చాచిన చేత్తో, ఒక్కోసారి ఏడెనిమిది సెకన్లు నిలిపి ఉంచాలి. పన్నెండేళ్ళ పిల్లకి పూర్తి పొడవు పిస్టల్ ఇస్తే నడుం వెనక్కి విరిచి, భుజం పైకెత్తి బరువు మోయడం నేర్చుకుంటుంది. ఆ భంగిమ వదిలించడానికి తర్వాత ఏడాది పడుతుంది. చాలా కంపెనీలు గొట్టం, గాలి నింపే సిలిండర్ పొట్టిగా ఉన్న నమూనాలు చేస్తున్నాయి. బరువు తగ్గడం కన్నా ఆ బరువు చేతికి దగ్గరగా రావడమే వీటిలో అసలు లాభం. పది మీటర్ల దూరానికి పొట్టి గొట్టం ఖచ్చితత్వంలో ఏమీ తీసిపోదు. సైట్ల మధ్య దూరం తగ్గిన కొద్దీ ఇందాక చెప్పిన ఒరుగుడు కాస్త ఎక్కువగా శిక్షిస్తుంది, ఆ మేరకి నష్టం ఉంది. చిన్న పిల్లల విషయంలో ఆ నష్టం భరించదగ్గదనే నా అభిప్రాయం.

ట్రిగ్గర్ బరువు పోటీలో 500 గ్రాములకి తగ్గకూడదు. పిస్టల్ కాక్ చేసి (పేలడానికి సిద్ధం చేసి), గొట్టం నిటారుగా పైకి పెట్టి, 500 గ్రాముల తూనికరాయిని ట్రిగ్గర్‌కి తగిలించి లేపితే పడిపోకుండా లేవాలి. సరిగ్గా 500 దగ్గర పెట్టుకుంటే చలికో దుమ్ముకో తేడా వచ్చి తనిఖీలో ఇబ్బందిపడతారు. 510, 520 దగ్గర పెట్టుకోవడం క్షేమం. కొత్తవాళ్ళకి ట్రిగ్గర్ లాగుడు మొదటి దశలో (పేలే ముందు ఆగే చోటు దాకా) ఎక్కువ బరువు, రెండో దశలో (అక్కడి నుంచి పేలేదాకా) తక్కువ బరువు ఉండేలా సర్దితే వేలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా, మామూలు యాంత్రిక ట్రిగ్గరా అన్నది కొత్తవాళ్ళు చర్చించుకోవలసిన విషయమే కాదు. రెండిటితోనూ ప్రపంచ స్థాయి స్కోర్లు వచ్చాయి. పాడైనప్పుడు బాగుచేసేవాళ్ళు, విడిభాగాలు మన ఊరికి ఎంత దూరంలో ఉన్నాయన్నదే చూసుకోవాలి. 2021లో టోక్యోలో పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. మరమ్మతుకి పోయిన నిమిషాలు తిరిగిరాలేదు, 575 స్కోరుతో ఫైనల్ తప్పిపోయింది. ఒలింపిక్స్ లాంటి చోటే అలా అయింది. జిల్లా పోటీలో మన పిల్ల పక్కన ఎవరుంటారు? మీ రేంజిలో నలుగురు వాడుతున్న మోడలే కొనడంలో తెలివుంది. సీలు (గాలి కారకుండా ఆపే రింగు) పోతే పక్కవాడి దగ్గర ఇంకోటి దొరుకుతుంది.

కొన్ని వేలకి దొరికే స్ప్రింగ్ పిస్టల్‌తో నేర్పించి, తర్వాత మంచిది కొందామనే ఆలోచన చాలామందిది. వద్దు. పెల్లెట్ గొట్టం దాటేలోపే లోపలి పిస్టన్ ముందుకి దూకి పిస్టల్‌ని కుదిపేస్తుంది. ఆ కుదుపుకి భయపడి పిల్లలు పేలే క్షణంలో చెయ్యి బిగించడం అలవాటు చేసుకుంటారు. బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం లాంటి పంపు పిస్టల్ గురి విషయంలో ఎంతో నమ్మకమైనది, సిలిండర్ గొడవ లేదు. ప్రతి గుండుకీ మీట లాగాలి కాబట్టి పెద్దవాళ్ళకి సరిపోతుంది, చిన్న పిల్లలు ఇరవై గుళ్ళకే అలిసిపోతారు.

సిలిండర్ పిస్టల్ కొంటే దాని మీద చెక్కిన తేదీ చదవండి. గాలి సిలిండర్ ఆయుష్షు పదేళ్ళు. సెకండ్‌హ్యాండ్ బేరాల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: తొమ్మిదేళ్ళ సిలిండర్ ఉన్న పిస్టల్ చవగ్గా కనిపిస్తుంది, ఏడాది తిరక్కుండా కొత్త సిలిండర్ కొనాల్సి వస్తుంది. గేజి 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) చూపేదాకా నింపి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే చూడండి. నింపిన కాసేపటికి చల్లబడి కొంత తగ్గడం మామూలే. తెల్లారేసరికి బాగా పడిపోయిందంటే సీలు కారుతున్నట్టు. అమ్మేవారి చెయ్యి ఎంతుందో కూడా చూడండి. వాళ్ళు చెక్కుకున్న గ్రిప్ మీకు పనికిరాదు, కొత్త గ్రిప్ ధర కలుపుకునే బేరమాడాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సిలిండర్లో నింపవలసింది పొడి గాలి ఒక్కటే. చిన్న ఊళ్ళలో కంప్రెసర్ దొరక్క వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ పట్టిద్దామని ఆలోచించేవాళ్ళున్నారు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి సీళ్ళ మీది గ్రీజు, నూనె తగిలితే మంట పుట్టి పేలిపోతుంది. ఎంత ఇబ్బందైనా ఆ పని చేయకూడదు. చేతిపంపుతో నింపుకునేవాళ్ళు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో, మధ్యమధ్య ఆపి పంపు చల్లారనిచ్చి, తేమ వదిలే మరను తెరవాలి. లేదంటే నీళ్ళు లోపల చేరి వాల్వుకి తుప్పు పట్టిస్తాయి.

ఎడమచేతి వాటం పిల్లలకి ఎడమ గ్రిప్ ముందే చెప్పి తెప్పించాలి. కుడి గ్రిప్‌తో సర్దుకోమనడం అన్యాయం. వాటం చెయ్యి ఒక పక్కదీ, బలమైన కన్ను ఇంకో పక్కదీ అయినవాళ్ళూ ఉంటారు. రెండు చేతుల మధ్య చిన్న సందు చేసి దూరంగా ఉన్న గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అది బలమైన కన్ను. తేడా ఉన్నా కంగారు వద్దు, గురిపెట్టని కంటి ముందు 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని అడ్డు పెట్టుకోవచ్చు. నలభై దాటినవారు పిస్టల్‌ని నిందించే ముందు కళ్ళద్దాల డాక్టర్ని కలవండి. ముందు సైటు మసకబారితే ఏ స్టెయరూ బాగుచేయలేదు.

చట్టం మాటకొస్తే, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల (అంటే 4.5 మిల్లీమీటర్ల) బోరు (గొట్టం లోపలి వ్యాసం), 20 జౌళ్ళ శక్తి దాటని గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 150 మీటర్ల వేగంతో పోతే వచ్చేది 5.6 జౌళ్ళు, హద్దుకి ఎంతో దిగువ. అలాగని బొమ్మ కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. బైకు మీద చేత్తో పట్టుకుపోతే చూసినవారికి అసలు పిస్టల్‌కీ దీనికీ తేడా తెలియదు. తాళం ఉన్న పెట్టెలో, బిల్లు వెంట ఉంచుకునే తీసుకెళ్ళాలి. మందుగుండుతో పేలే పాయింట్ 22 పిస్టల్ సంగతి వేరు, దానికి లైసెన్సు కావాలి. 21 ఏళ్ళు నిండనివారు సొంతానికి కొనుక్కోలేరు. దాని గురించి రెండు మూడేళ్ళ తర్వాత ఆలోచించినా ఆలస్యమేమీ అవదు.

కొనడానికి తొందర వద్దు. మూడు నాలుగు నెలలు క్లబ్ పిస్టల్‌తో గడపండి, అందులోనూ సగం రోజులు పెల్లెట్ లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ లాగే సాధనే. అప్పటికి పిల్లకి ఇష్టం నిలిచిందో లేదో కూడా తేలిపోతుంది. పెల్లెట్ల ఖర్చూ లెక్కలోకి తీసుకోండి: రోజుకి వంద చొప్పున నెలకి పాతిక రోజులంటే 500 పెల్లెట్ల డబ్బాలు ఐదు.

చివరిగా రెండు రాష్ట్రాల షూటింగ్ సంఘాలకీ, ప్రైవేటు రేంజిల యజమానులకీ ఒక విన్నపం. మీ క్లబ్ పిస్టళ్ళలో చాలావాటికి ఒకే సైజు కుడిచేతి గ్రిప్ ఉంటోంది. చిన్న చేతుల పిల్లలు దాంతో నెలల తరబడి కుస్తీపట్టి, తమకి షూటింగ్ రాదని అనుకుని మానేస్తున్నారు. మీ దగ్గరున్న మోడల్‌కి స్మాల్, మీడియం, లార్జ్ తలా ఒకటి, ఎడమచేతిది ఒకటి, మొత్తం నాలుగు గ్రిప్‌లు రేంజిలో ఉంచండి. నాలుగూ కలిపినా ఒక కొత్త పిస్టల్ ధర దాటదు. స్క్రూ ఒకటి విప్పి బిగిస్తే గ్రిప్ మారిపోతుంది, ఐదు నిమిషాల పని.

ఇట్లు,
ఒక ఎయిర్ పిస్టల్ శిక్షకుడు,
హైదరాబాద్